టైప్‌స్క్రిప్ట్‌లో అర్రేలు పెరిగేకొద్దీ వచ్చే తంటాలు: మీ అనుభవాలు చెప్పండి

హార్బర్_డెవ్:
వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో వేలం తూకాలు రాసుకోవడానికి చిన్న యాప్ చేస్తున్నాం. స్క్రీన్‌కి రియాక్ట్ లైబ్రరీ, కోడ్‌కి టైప్‌స్క్రిప్ట్ (టైపులు చెక్ చేసే జావాస్క్రిప్ట్). బుట్ట తూచగానే బరువు అర్రేలో (వరస జాబితాలో) చేరాలి. స్క్రీన్ డేటా దాచే రియాక్ట్ ఫంక్షన్ యూజ్‌స్టేట్‌కి ఖాళీ బ్రాకెట్లు, అంటే ఖాళీ అర్రే, ఇచ్చాం. ఇప్పుడు నంబర్ చేర్చబోతే 'నెవర్' (ఏ విలువా పట్టని) టైప్‌లో పట్టదంటోంది. 'ఎనీ' (ఏదైనా సరే, చెక్ లేదు) టైప్ పెట్టేసి ముందుకెళ్దామని టీమ్‌లో ఒకరంటున్నారు, నాకు మనసొప్పట్లేదు.

గాజువాక_కోడర్:
ఎనీ వద్దు బ్రో. లోపలికి ఏమొస్తుందో ఖాళీ బ్రాకెట్లను బట్టి కంపైలర్‌కి (కోడ్ చెక్ చేసే ప్రోగ్రామ్‌కి) తెలీదు, అందుకే స్ట్రిక్ట్ మోడ్‌లో (కఠినంగా చెక్ చేసే సెట్టింగ్‌లో) నెవర్ అనేస్తుంది. యూజ్‌స్టేట్ పక్కనే నంబర్ అర్రే అని టైప్ రాసెయ్. మామూలు వేరియబుల్ అయితే తర్వాతి పుష్‌లు (చివర చేర్చేవి) చూసి టైప్ తనే తెలుసుకుంటుంది. ఆబ్జెక్ట్ లోపలి అర్రేకి అది కుదరదు.
ఇంకోటి, స్టేట్‌లోని అర్రేకి నేరుగా పుష్ చేసి అదే తిరిగిస్తే స్క్రీన్ మారదు. పాతవాటిని స్ప్రెడ్ చేసి (విడివిడిగా పరిచి), చివర కొత్తది పెట్టి, కొత్త అర్రే ఇవ్వాలి.

రుషికొండ_ఫ్రంటెండ్:
నన్నడిగితే చేర్చేటప్పటికన్నా తీసి చదివేటప్పుడే ప్రమాదం ఎక్కువండీ. లోపల ఉన్నవి ఏ రకమో టైప్ చూస్తుంది, ఎన్ని ఉన్నాయో చూడదు. నాలుగు తూకాలున్న అర్రేలో పదోది అడగండి, నంబరేనని ధీమాగా చెబుతుంది. రన్ చేస్తే వచ్చేది అన్‌డిఫైన్డ్, అంటే విలువే లేదని. దాన్ని మొత్తంలో కలిపితే చీటీ మీద డబ్బు ఉండాల్సిన చోట 'ఎన్ఏఎన్' (నంబర్ కాదు) అని పడుతుంది. రాత్రంతా వేటాడి ఒడ్డుకొచ్చిన మనిషి చేతిలో అలాంటి చీటీ పెట్టకూడదు.
టైప్‌స్క్రిప్ట్ సెట్టింగుల ఫైల్ టీఎస్‌కాన్ఫిగ్‌లో 'నో అన్‌చెక్డ్ ఇండెక్స్‌డ్ యాక్సెస్' ఆన్ చేయండి. 2020లో టైప్‌స్క్రిప్ట్ 4.1 వెర్షన్‌తో వచ్చింది. స్ట్రిక్ట్ పెట్టినంత మాత్రాన ఇది ఆన్ అవదు, విడిగా పెట్టాలి. ఇండెక్స్‌తో (స్థానం నంబర్‌తో) తీసే ప్రతిచోటా చెక్ రాయమంటుంది. ఒక్కొక్కటిగా అన్నీ ఇచ్చే ఫర్-ఆఫ్ లూప్ వాడితే ఆ బాధ లేదు.

హార్బర్_డెవ్:
పెట్టాం మేడమ్, ఫైలంతా ఎర్ర గీతలు. ఒక్కొక్కటీ సరిచేస్తున్నాం. చేప పేరు, బరువు కలిపి ట్యూపుల్‌గా (ఎన్ని, ఏ రకమో ముందే చెప్పిన అర్రేగా) పెట్టాం. అది సేఫేనా?

ఎన్ఏడీ_బ్యాకెండ్:
పూర్తిగా కాదు. ట్యూపుల్‌కీ పుష్ ఉంది. 'వంజరం, 12' అన్న జంటకి ఇంకో నంబర్ పుష్ చేసి చూడు, కంపైలర్ కిక్కురుమనదు. లెంగ్త్ టైప్ ప్రకారం 2, నిజానికి 3. ముందు రీడ్‌ఓన్లీ (చదవడానికి మాత్రమే) అని పెడితే పుష్ పనిచేయదు. ఫంక్షన్‌కి పంపే అర్రేలకి కూడా నేను అదే పెడతాను.
సార్ట్ సంగతి కూడా చూసుకో. 9, 10, 100 అన్న తూకాల్ని ఊరికే సార్ట్ చేస్తే 10, 100, 9 అని వస్తాయి. నంబర్ అర్రే అని టైప్ ఉన్నా సరే, స్ట్రింగులుగా మార్చి పోలుస్తుంది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసే ఫంక్షన్ ఇవ్వాలి. పైగా సార్ట్ అసలు అర్రేనే మార్చేస్తుంది, తూచిన వరస పోతుంది. వరస ఉండాలంటే 2023 జావాస్క్రిప్ట్ స్టాండర్డ్‌లో వచ్చిన టూసార్టెడ్ వాడు, అది కొత్త అర్రే ఇస్తుంది.

గాజువాక_కోడర్:
టైప్‌స్క్రిప్ట్ వెర్షన్ 5.5 గానీ ఆపైది గానీ అయితే, అన్‌డిఫైన్డ్ కానివి ఫిల్టర్ చేస్తే టైప్ కూడా దానంతటదే శుభ్రమవుతుంది. పాత ప్రాజెక్టుల్లో దానికోసం టైప్ గార్డ్ (విలువ ఏ రకమో కంపైలర్‌కి చెప్పే ఫంక్షన్) చేత్తో రాసేవాళ్లం.