టోబా బూడిద కింద దొరికిన పనిముట్లు మన పూర్వీకులవేనా?

రేణిగుంట చరిత్రాభిమాని:
మా రేణిగుంట చుట్టుపక్కల పాతరాతి యుగం చివరి దశ పనిముట్లు దొరికాయి. వాటికన్నా ఎంతో పాతవి నంద్యాల జిల్లా జ్వాలాపురంలో ఉన్నాయి. సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ల క్రితం పేలినప్పుడు దాని బూడిద అక్కడిదాకా వచ్చి పడింది. ఆ పొర కిందా, పైనా ఒకే తరహా రాతి పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. అంత ఉత్పాతాన్ని తట్టుకుని అదే పనితనం కొనసాగించినవారు మన జాతి, అంటే ఆధునిక మానవులు (హోమో సేపియన్స్) కాక మరెవరు? ఆఫ్రికా నుంచి మనవాళ్లు టోబాకు ముందే వచ్చేశారని నా గట్టి నమ్మకం.

తిరుపతి జన్యుశాస్త్ర విద్యార్థిని:
'మరెవరు' అనడానికి వీల్లేదండీ. మన జిల్లా దాటగానే వచ్చే తిరువళ్లూరు జిల్లాలో అత్తిరంపాక్కం ఉంది. జ్వాలాపురం పనిముట్లలో కనిపించే మధ్య పాతరాతి యుగపు పనితనం అక్కడ సుమారు 3,85,000 ఏళ్ల క్రితమే మొదలైందని 2018లో తేలింది. మన జాతివిగా గుర్తించిన అతి పాత ఎముకలు మొరాకోలోని జెబెల్ ఇర్హౌద్‌వి, వాటి వయసు సుమారు 3,00,000 ఏళ్లే. కాబట్టి రాయి చెక్కిన తీరు చూసి చెక్కిన జాతిని చెప్పలేం. జ్వాలాపురం బూడిద కింద మనిషి ఎముక ఒక్కటీ దొరకలేదు.

ఆఫ్రికా బయటి ప్రజలందరిలోనూ నియాండర్తల్ (అంతరించిపోయిన మరో మానవ జాతి) జన్యువుల పాలు కొంత ఉంది, మనలోనూ ఉంది. అందరిలోనూ ఉందంటే, దారులు చీలకముందే ఆ జాతితో కలయిక జరిగిందన్నమాట. ఆ కలయిక సుమారు 50,000 ఏళ్ల నాటిది. మన వంశానికి మూలమైనవారు ఈ నేలకు చేరింది ఆ తర్వాతే.

చిత్తూరు విశ్రాంత ఉపాధ్యాయుడు:
అమ్మా, జన్యువులు సంతానం మిగిలినవారి కథే చెబుతాయి. ఇజ్రాయెల్‌లోని మిస్లియా గుహలో దొరికిన దవడ మన జాతిదే, వయసు 1,77,000 ఏళ్లకు పైమాటే. అంత ముందే ఆఫ్రికా దాటినవారు ఉన్నప్పుడు, వారిలో కొందరు ఇటు రాలేదని ఎలా అంటాం? మీరన్న 50,000 ఏళ్లకన్నా ముందే, ఆసియా దాటి వెళ్లాల్సిన ఆస్ట్రేలియాలోని మాద్జెడ్‌బెబేలో 65,000 ఏళ్ల నాటి పనిముట్లున్నాయి కదా?

తిరుపతి జన్యుశాస్త్ర విద్యార్థిని:
వచ్చి ఉండవచ్చు మాస్టారూ, దాన్ని నేను కాదనను. వంశం నిలవకుండా అంతరించిపోయీ ఉండవచ్చు. అప్పుడు వారిని మన పూర్వీకులనడం మాత్రం కుదరదు. మాద్జెడ్‌బెబే పనిముట్లు ఇసుకలో కిందికి, పాత పొరల్లోకి జారాయన్న వాదం ఇంకా నడుస్తోంది, దాన్నే ఆధారంగా పట్టుకోలేం.

నా బాధంతా ఎముకల గురించే. శ్రీలంకలోని ఫాహియాన్ గుహలో 30,000 ఏళ్లు దాటిన మానవ ఎముకలు నిలిచాయి. మన బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం సున్నపురాతి గుహల్లోనూ పాత జంతువుల ఎముకలు బాగానే మిగిలాయి. భూగర్భ శాస్త్రవేత్త బ్రూస్ ఫుట్ 1880లలోనే అక్కడ తవ్వించారు. బయలు నేలల్లో రాళ్లు ఏరడం కన్నా అలాంటి గుహల్లో లోతుగా తవ్వడానికి డబ్బు పెట్టాలి.

రేణిగుంట చరిత్రాభిమాని:
గుహల విషయంలో మీ మాటే నా మాట. బూడిద కింది పనిముట్లు మనవి కావని తేలేదాకా నా పక్షం మాత్రం మారదు.