ట్రయిల్ మీదికి మిడ్‌సైజ్ పికప్పా, ఫుల్‌సైజా?

రాతిబాట:
అందరికీ నమస్కారం. పాత ఎస్‌యూవీ అమ్మేసి పికప్ తీసుకుందామనుకుంటున్నాను. నెలకు రెండుసార్లు అడవి ట్రయిల్స్‌కి వెళ్తాను, అన్నీ రాళ్లు, చెట్ల మధ్య ఇరుకు దారులు. ఏడాదికోసారి నలుగురం కలిసి పది రోజులు ఎడారిలో తిరిగి వస్తాం. మా అన్నయ్య ఫుల్‌సైజే తీసుకోమంటున్నాడు. నాతో ట్రయిల్స్‌కి వచ్చేవాళ్లేమో మిడ్‌సైజ్ దాటితే ఇబ్బంది పడతావంటున్నారు. ఎటూ తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

లో రేంజ్:
మిడ్‌సైజేనండి, ఇందులో ఆలోచించేదేం లేదు. మొన్న మా గుంపులో ఒకాయన ఫుల్‌సైజ్ తెచ్చారు. ఒకచోట ఎడమన బండ, కుడిన చెట్టు. నేను ముందు నిలబడి చేతులతో దారి చూపిస్తున్నాను. అద్దాలు రెండూ మడిచాం. అయినా చెట్టు బెరడుకీ డోర్ హ్యాండిల్‌కీ మధ్య నా అరచెయ్యి దూరలేదు. స్టీరింగ్ కొంచెం తిప్పితే చాలు, వెనక చక్రం బండ అంచు నుంచి జారిపోతోంది. ఆ ఇరవై అడుగులు దాటడానికి నలభై నిమిషాలు పట్టింది, కుడి వైపు డోర్లు రెండూ గీసుకుపోయాయి. వెనకొచ్చిన మిడ్‌సైజ్ ఆగకుండా వెళ్లిపోయింది. డ్రైవింగ్ ఎంత బాగా వచ్చినా బండి వెడల్పు తగ్గదు కదా.

పైగా వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం, చూడండి. వెనక సామాను తొట్టి (బెడ్) చిన్నగా ఉండే నాలుగు డోర్ల ఫుల్‌సైజ్ ఫోర్డ్ ఎఫ్-150కి దాదాపు 3.69 మీటర్లు, మిడ్‌సైజ్‌లో నాలుగు డోర్ల కొత్త టొయోటా టకోమాకి 3.35. బండ ఎక్కి దిగేటప్పుడు పొట్ట ఆనేది అందుకే.

ధూళిగీత:
చెట్టు దగ్గర మీ మాట నిజమే. పొట్ట ఆనడం గురించి మాత్రం ఒప్పుకోను. అది వీల్‌బేస్ ఒక్కదాని మీదే ఆధారపడదు, వీల్‌బేస్‌కీ గ్రౌండ్ క్లియరెన్స్‌కీ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు) ఉన్న నిష్పత్తి మీద ఉంటుంది. 3.35 మీటర్ల బండి 25 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, 3.69 మీటర్ల బండి 27.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, రెండూ ఒకే గుట్టను దాటతాయి. 33 అంగుళాల టైర్ తీసి 35 వేస్తే యాక్సిల్ ఒక అంగుళం లేస్తుంది. అంటే ఆ రెండున్నర సెంటీమీటర్లు అక్కడే వచ్చేశాయి. ఎఫ్-150లో ఆఫ్‌రోడ్ రకమైన రాప్టర్ షోరూమ్ నుంచే 35 టైర్లతో వస్తుంది.

మీరెవరూ బరువు మాట ఎత్తడం లేదు. నలుగురు మనుషులు 280 కిలోలు, పైన టెంట్ 65, స్టీల్ బంపర్, ఇరుక్కున్న బండిని లాగే వించ్ కలిపి 80, నీళ్లు 60 లీటర్లంటే 60, ఫ్రిజ్, టూల్స్, సామాను ఇంకో 80. మొత్తం 565. రాళ్ల దారుల కోసం చేసిన మిడ్‌సైజ్ మోడళ్లలో చాలావాటి పేలోడ్, అంటే మోయగలిగే బరువు, 500 కిలోలకు అటూ ఇటూనే. దాటితే వెనక స్ప్రింగులు కుంగుతాయి, వెనక ట్రెయిలర్ తగిలించే హిచ్ నేలకు దగ్గరవుతుంది, గతుకుల్లో షాక్ అబ్జార్బర్లు కాలిపోయేంత వేడెక్కుతాయి. ఏ క్లియరెన్స్ చూసి ఆ బండి కొన్నారో అది పోయినట్టే. మామూలు ఎఫ్-150లో 800 కిలోలు దాటి మోసే రకాలున్నాయి.

లో రేంజ్:
35 టైర్లు మిడ్‌సైజ్‌కీ వేయొచ్చు కదా బ్రదర్.

ధూళిగీత:
వేయొచ్చు. లిఫ్ట్ కిట్ కావాలి, గేర్ రేషియో మార్చాలి, ఫెండర్ లోపల కోయాల్సి రావచ్చు. ఆ టైర్ల బరువు కూడా పేలోడ్‌లోంచే పోతుంది.

డిఫ్ లాక్:
మీరిద్దరూ బండి తరగతిని పట్టుకుని వాదిస్తున్నారు. ఆ పేర్లు పక్కన పెట్టి కొలతలు చూడండి. ఫోర్డ్‌దే రేంజర్ రాప్టర్‌ని మిడ్‌సైజ్ అంటారు. దాని వెడల్పు అద్దాలు కాకుండా 2.03 మీటర్లు, మామూలు ఎఫ్-150 కూడా అంతే! వీల్‌బేస్ మాత్రం 3.27. ఇంకో మిడ్‌సైజ్ పికప్ జీప్ గ్లేడియేటర్ సంగతి దీనికి తిరగేసినట్టుంటుంది: వెడల్పు 1.87, వీల్‌బేస్ 3.49. చెట్ల మధ్య దూరిపోతుంది, గుట్ట మీద ఆనుతుంది. ఇక ఎఫ్-150 రాప్టర్ 2.2 మీటర్లు. అమెరికాలో 80 అంగుళాలకు చేరిన బండికి ముందు యాంబర్ లైట్లు తప్పనిసరి. దాని గ్రిల్‌లో కనిపించే మూడు చిన్న దీపాలు అవే.

ధూళిగీత గారూ, రాప్టర్ పేలోడ్ చూశారా? మెత్తటి సస్పెన్షన్ వల్ల అది మామూలు ఎఫ్-150 కంటే బాగా తక్కువ మోస్తుంది, ఇంచుమించు రేంజర్ రాప్టర్ మోసినంతే. మెక్సికోలోని బాహా లాంటి విశాలమైన ఎడారిలో వేగంగా పోవడానికి చేసిన బండి అది. టైర్లకు రాప్టర్‌ని, బరువుకు మామూలు ఎఫ్-150ని చూపిస్తే ఎలా? ఆ రెండూ ఒకే బండిలో రావు.

రాతిబాట గారూ, షోరూమ్‌కి వెళ్లినప్పుడు డ్రైవర్ డోర్ తెరిచి పిల్లర్ మీద స్టిక్కర్ చదవండి. ఆ బండి మనుషులతో, సామానుతో కలిపి ఎంత మోయగలదో అందులో ఉంటుంది. బ్రోషర్‌లో వేసే అంకె ఆ మోడల్‌లో ఎక్కువ మోసే రకానిది.

ధూళిగీత:
పేలోడ్ విషయంలో మీరన్నది కరెక్టే, రెండు బండ్లను కలిపేశాను. పది రోజుల ఎడారికి మామూలు ఎఫ్-150 ఫోర్ బై ఫోరే నా ఓటు.

రాతిబాట:
అందరికీ థ్యాంక్స్. ఆదివారం టేప్ పట్టుకుని మేం ఎప్పుడూ వెళ్లే ట్రయిల్‌లో ఇరుకైన మూడు చోట్లా కొలిచాను. 2.45, 2.3, 2.1 మీటర్లు. ఆ చివరి చోట పెద్ద రాప్టర్ పట్టనే పట్టదు. 2.03 బండికి ఒక్కో వైపు రెండు వేళ్ల సందు మిగులుతుంది, అదీ అద్దాలు మడిస్తేనే. నెలకు రెండుసార్లు నాకు అంత గుండెదడ వద్దు.

అందుకని గ్లేడియేటర్ వైపు మొగ్గుతున్నాను. బరువు సంగతి ధూళిగీత గారు చెప్పాకే ఆలోచించాను. పైన టెంట్ వద్దు, నేల మీద వేసుకునేదే తీసుకెళ్తాం. స్టీల్ బంపర్, వించ్ కూడా ఇప్పుడే వద్దు, వెంట ఎప్పుడూ ఇంకో బండి ఉంటుంది. మీ లెక్కలోంచి ఆ 145 తీసేస్తే 420 కిలోలు.

ధూళిగీత:
420 కాగితం మీది లెక్క. ఎడారికి బయలుదేరే రోజు అందరూ ఎక్కాక, ట్యాంక్ నింపాక ఒకసారి వేబ్రిడ్జి ఎక్కించండి. వెనక యాక్సిల్ విడిగా తూయించడం మర్చిపోకండి.