సెవెన్ ఐరన్ మ్యాట్ మీద బంగారం, గడ్డి మీద గునపం. బంతి ఎక్కడ పెట్టాలి?

ఓపెనర్46

అందరికీ నమస్కారం. నిజాంపేటలో ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేస్తుంటాను. వయసు 46. ఇరవయ్యేళ్లు లీగ్ క్రికెట్‌లో ఓపెనింగ్ బ్యాటింగ్ చేశాను. మోకాలు ఇక చాలంది కాబట్టి ఏడాదిన్నర క్రితం గోల్ఫ్‌లోకి దిగాను. రైట్ హ్యాండ్.

వారంలో రెండు రోజులు పొద్దున్నే ప్రాక్టీస్ రేంజ్‌కి వెళ్తాను. అక్కడి ప్లాస్టిక్ గడ్డి మ్యాట్ మీద సెవెన్ ఐరన్ (మధ్యస్థం దూరానికి వాడే లోహపు తల క్లబ్బు) కొడుతుంటే చూసేవాళ్లకి నేనేదో పెద్ద ఆటగాణ్ణని అనిపిస్తుంది. టప్పుమని ఒక్క శబ్దం, బంతి నూట ముప్ఫై గజాలు నేరుగా పోతుంది. ఆ ధైర్యంతోనే మొన్న ఒక క్లయింటు గోల్కొండ నయా ఖిలా కోర్సుకి పిలిస్తే సరేనన్నాను.

తొలి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర నలుగురు చూస్తున్నారు. డ్రైవర్ (అన్నిటికంటే పొడవైన క్లబ్బు) ఊపాను. బంతి నెత్తి మీద తగిలి ఇరవై గజాలు దొర్లింది. టెన్షన్‌లే అనుకున్నాను. రెండో షాట్ సెవెన్ ఐరన్. క్లబ్బు బంతికి బెత్తెడు వెనకాల నేలలో దిగబడింది, గడ్డిపెళ్ళ లేచి నా బూటు మీదే పడింది. బంతి మాత్రం పది అడుగులు జరిగి ఆగింది. ఆరో హోల్‌కి వచ్చేసరికి మా క్లయింటు నా వైపు చూడటం మానేసి కోట గోడ చూసుకుంటున్నారు. అంత మర్యాదస్తుడు. బ్యాగు మోసే కాడీ కుర్రాడు ఒక్కడే మెల్లిగా “సార్, బాల్ ముందుకి పెడుతున్నారు” అన్నాడు, అంటే లక్ష్యం వైపుకి అని. కానీ నేను మధ్యలోనే పెట్టానే!

నాకు నేర్పిన కోచ్ ఐరన్లన్నీ పాదాల మధ్యలో పెట్టుకోమన్నాడు, డ్రైవర్‌కి ఎడమ కాలి దగ్గర పెట్టమన్నాడు. అదే చేస్తున్నాను. వీడియోలు చూస్తే ఒకాయన ఎడమ చంకకి ఎదురుగా అంటాడు, ఇంకొకాయన చొక్కా మీద లోగోకి ఎదురుగా అంటాడు. నేను వేసుకునేవి లోగో లేని చొక్కాలు. ఏ క్లబ్‌కి బంతి ఎక్కడ పెట్టాలో, మ్యాట్ మీద వచ్చింది గడ్డి మీద ఎందుకు రావట్లేదో ఎవరైనా వివరంగా చెప్పండి. డ్రైవర్ తగిలిన రోజున కూడా కుడివైపుకి అరటికాయలా వంగిపోతోంది.

డాలస్ బావ

బ్రదర్, ఇన్ని లెక్కలు పెట్టుకోకండి. పాతతరం అమెరికన్ గోల్ఫ్ దిగ్గజం బెన్ హోగన్ పద్ధతి ఒక్కటే పట్టుకోండి. మామూలు షాట్లన్నిటికీ బంతి ఎడమ మడమకి అర అంగుళం నుంచి అంగుళం లోపలే ఉంటుంది. మారేది కుడి కాలే. వెడ్జ్‌కి (దగ్గరి షాట్లకి వాడే పొట్టి క్లబ్బు) దగ్గరగా, డ్రైవర్‌కి దూరంగా. నేను ఆరేళ్లుగా ఇలాగే ఆడుతున్నాను, క్లబ్ మార్చినప్పుడల్లా బుర్ర గోక్కునే పని లేదు. మా ఊళ్లో ఎస్‌ఎంయూ యూనివర్సిటీలో చదువుకున్న గోల్ఫర్ బ్రైసన్ డిషాంబో ఇంకో అడుగు ముందుకేసి ఐరన్లన్నీ ఒకే పొడవు, ముప్ఫై ఏడున్నర అంగుళాలు, చేయించుకున్నాడు. వాటితోనే 2020 యూఎస్ ఓపెన్ గెలిచాడు. పొడవు మారకపోతే నిలబడే తీరూ మారదు కదా అని అతని లెక్క.

పాత కాడీ

బావగారు చెప్పింది తప్పు కాదు. కానీ హోగన్ నడుము, హోగన్ మోకాళ్లు ఉన్నవాడికి అది సులువు. కింది భాగం లక్ష్యం వైపుకి అంత గట్టిగా కదలనివాడు సెవెన్ ఐరన్‌కి కూడా బంతిని ఎడమ మడమ దగ్గర పెట్టుకుంటే ముందు నేలనే తవ్వుతాడు.

కాంట్రాక్టర్ గారూ, పదిహేనేళ్లప్పుడు బ్యాగులు మోయడం మొదలుపెట్టాను. ఇప్పుడు కొత్తవాళ్లకి నేర్పిస్తుంటాను. కాడీగా పనిచేసినవాడు ఆటగాణ్ణి ఎప్పుడూ ఎదురుగానో వెనక నుంచో చూస్తాడు కాబట్టి, ఆడేవాడికి కనపడనిది వాడికి కనపడుతుంది. మీ కాడీ కుర్రాడు చెప్పింది నిజమేనని నా నమ్మకం. మీరు మధ్యలో పెట్టానంటున్నదీ నిజమే. రెండూ ఎలా నిజమో చివర్లో చెప్తాను.

ముందు మ్యాట్ సంగతి. మ్యాట్ లంచం తిన్న అంపైర్ లాంటిది. క్లబ్బు బంతికి రెండంగుళాలు వెనక తగిలినా కింద గట్టి నేల, పైన ప్లాస్టిక్ గడ్డి. క్లబ్బు దిగబడదు, జారుకుంటూ వెళ్లి బంతిని కొడుతుంది. శబ్దం కూడా బాగానే వస్తుంది. మీరు ఏడాదిన్నరగా ఔట్ అవుతూనే ఉన్నారు, వేలెత్తేవాడే లేడు. అసలు గడ్డి మీదికి వచ్చేసరికి ఎత్తాడు.

ఐరన్ అంటే బంతి ముందు, నేల తరవాత. స్వింగ్ గుండ్రంగా కిందికొచ్చి మళ్లీ పైకి లేస్తుంది కదా, ఆ గుండ్రానికి అట్టడుగు బంతికి కాస్త ముందు, అంటే లక్ష్యం వైపు ఉండాలి. అప్పుడు బంతి పోయాక దాని ముందు గడ్డి లేస్తుంది. డ్రైవర్‌కి దీనికి తలకిందులు. బంతి టీ (నేలలో గుచ్చే చిన్న పుల్ల) మీద ఎత్తుగా ఉంటుంది, క్లబ్బు అడుగు దాటి పైకి లేస్తున్నప్పుడు తగలాలి. అందుకే అది ముందుకి. బంతి ఎక్కడ పెట్టాలన్న గొడవంతా ఇంతే.

కాబట్టి చార్టు చూడకముందు మీ స్వింగ్ అట్టడుగు ఎక్కడుందో చూసుకోండి. ఇంట్లో ముగ్గు డబ్బా ఉంటుంది కదా. గడ్డి ఉన్న ఖాళీ స్థలం చూసుకుని, రాళ్లు ఏరేసి, నేల మీద పొడవాటి గీత వేయండి. రేంజ్‌లో వేస్తే తిడతారు. గీత మీ రెండు పాదాల మధ్య నుంచి, లక్ష్యం దిక్కుకి అడ్డంగా, మీ ఎదురుగా తిన్నగా పోవాలి. బంతి లేదు. సెవెన్ ఐరన్‌తో పది స్వింగులు చేయండి, ప్రతిదానికీ గీత వెంబడి ఒక అడుగు జరుగుతూ. తరవాత పక్కకొచ్చి చూడండి. గీరు గీత మీద మొదలై లక్ష్యం వైపు పోతే మంచిది. గీతకి వెనక మొదలైతే బంతిని ఎక్కడ పెట్టినా లాభం లేదు, మీ బరువు కుడి కాలి మీదే ఉండిపోతోంది.

క్రికెట్ నుంచి వచ్చినవాళ్లలో ఇది ఎక్కువ చూశాను. బౌలర్ తల మీదుగా లేపాలన్నట్టు కుడి భుజం దించి వెనక్కి వాలి ఎత్తుతారు. బంతిని లేపే పని మీది కాదు సార్. సెవెన్ ఐరన్ మొహం సుమారు ముప్ఫై డిగ్రీలు వాలి ఉంటుంది, లేపడం దాని డ్యూటీ. మీరు కిందికి కొట్టండి చాలు. బంతి తగిలేసరికి చొక్కా గుండీలు బంతికి ముందుకి వచ్చేసి ఉండాలి.

ఇప్పుడు కొలత. నేను బంతి వెడల్పుతోనే కొలుస్తాను, అది నాలుగు సెంటీమీటర్లకి పైచిలుకు. పిచింగ్ వెడ్జ్ మధ్యలో. ఎయిట్, నైన్ అర బంతి ముందుకి. సెవెన్ ఐరన్ ఒక బంతి ముందుకి. ఫైవ్ ఐరన్, హైబ్రిడ్ బంతిన్నర, రెండు. త్రీ వుడ్ ఇంకొంచెం. డ్రైవర్ ఎడమ మడమకి కాస్త లోపల. మనిషిని బట్టి అర బంతి అటూ ఇటూ. ఇందులో ఒక తమాషా ఉంది. క్లబ్ పొడవయ్యేకొద్దీ కుడి కాలు బయటికి వెళ్తుంది, దాంతో మధ్య అనేదే వెనక్కి జరుగుతుంది. అందుకే ఎడమ మడమ నుంచి కొలిస్తే వెడ్జ్‌కీ సెవెన్ ఐరన్‌కీ బంతి కదిలేది చాలా తక్కువ. బావగారికీ నాకూ ఉన్న తగువులో సగం ఇక్కడే తీరిపోయింది.

మిగతాది మీ బూట్ల దగ్గరుంది. మోకాలి నొప్పి అన్నారు కాబట్టి అడుగుతున్నాను, నిలబడేటప్పుడు ఎడమ పాదం వేళ్లు బాగా బయటికి తిప్పుతారా? మధ్య అని చూసుకునేది మడమల మధ్యనా, బొటనవేళ్ల మధ్యనా? టేపు పెట్టి కొలిచి చెప్పండి. డ్రైవర్ స్లైస్ గురించి, అంటే కుడికి వంగిపోవడం గురించి, ఆ తరవాత మాట్లాడదాం.

లాసన్స్ బే

తమ్ముడూ, కాడీ గారు అడిగినదానికి జవాబు నాకు ముందే తెలిసిపోయింది, ఎందుకంటే నేనూ ఆ తప్పే చేశాను. ఒక్క మాట మాత్రం విను. కొలత సరిచేసుకుంటున్నానని ఆ ఎడమ పాదాన్ని నిటారుగా పెట్టేయకు. యాభై దాటాక నాకు తుంటి తిరగదు. పాదం తిప్పి ఉంచితేనే మోకాలి మీద భారం పడకుండా ముందుకి తిరగగలుగుతున్నాను. పాదం తిప్పుకో, కొలత మాత్రం మడమ నుంచి తీసుకో.

ఇంకోటి. మా విశాఖలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సులో సముద్రం గాలి ఎదురుగా కొడుతుంటే ఈ చార్టులన్నీ ఒక బంతి వెనక్కి జరుగుతాయి. సెవెన్ బదులు సిక్స్ ఐరన్ తీసుకుని, అంగుళం కిందికి పట్టుకుని, ఒక బంతి వెనక పెట్టి, సగం ఊపుతో కొడతాను. గాలికి పౌరుషం చూపించి గట్టిగా కొట్టావో, బంతి ఇంకా పైకి లేచి నీ నెత్తి మీదే దిగుతుంది.

ఓపెనర్46

రెండు వారాలు పట్టింది, ఏమనుకోకండి. సైట్‌లో పనులు.

కాడీ గారూ, టేపు కాదు, లేజర్ లెవెల్ పెట్టాను. స్విచ్ బోర్డులు వరసగా రావడానికి గోడ మీద గీత వేసే మిషను, దాన్నే సెల్లార్‌లో నేల మీదికి తిప్పాను. ఎప్పటిలాగే నిలబడి, మా హెల్పర్‌తో చాక్‌పీసు గుర్తులు పెట్టించాను. కుడి పాదం నిటారుగానే ఉంది. ఎడమ బొటనవేలు మాత్రం ఎడమ మడమ కంటే పదమూడు సెంటీమీటర్లు బయటికి ఉంది! నేను చూసుకునేది బూటు కొనలే. అంటే నా ‘మధ్య’ అసలు మధ్య కంటే ఆరున్నర సెంటీమీటర్లు ముందు. బంతిన్నర. డ్రైవర్ ఇంకా ఘోరం. ఎడమ కాలి దగ్గర అన్నారు కదా అని బొటనవేలికి ఎదురుగా పెడుతున్నాను, అది మడమకి మూడు బంతులు బయట. ఆ కుర్రాడు నూటికి నూరు పాళ్లు కరెక్ట్. ఈసారి వెళ్తే టీ తాగించాలి.

ముగ్గు పరీక్ష కూడా అయ్యింది. మొదటి పది స్వింగుల్లో ఏడు గీతకి వెనకే గీరాయి. గుండీలు ముందుకి అన్న మాట తలుచుకుంటూ ఇంకో పది చేశాను, ఆరు గీత మీద పడ్డాయి. వాచ్‌మన్ వాళ్లావిడ వచ్చి “ఎవరమ్మా ఈ ముగ్గు ఇట్లా చెరిపేశారు” అని అడిగింది.

నిన్న తొమ్మిది హోల్స్ ఆడాను. సెవెన్ ఐరన్ అయిదుసార్లు తీశాను, మూడు శుభ్రంగా తగిలాయి. ఒకదానికి బంతి ముందు అరచేతంత గడ్డి లేచింది. ఫోటో తీసుకుని మా ఆవిడకి చూపిస్తే “అక్కడ గడ్డి పీకడానికేనా డబ్బులు కడుతున్నారు” అంది. డ్రైవర్ బంతి నెత్తి మీద తగలడం ఆగింది. స్లైస్ ఇంకా ఉంది. అన్నట్టు బంకర్‌లో (ఇసుక గుంటలో) రెండుసార్లు పడ్డాను. అక్కడ మాత్రం కొత్త పద్ధతిలో బంతినే ముందు కొడితే అటు గట్టు దాటి గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) అవతలికి పోయింది.

పాత కాడీ

మూడు బంతులు బయట పెట్టి డ్రైవర్‌ని తగిలించారంటే మీ చేతుల్లో పనితనం ఉంది సార్.

స్లైస్‌కి కారణం సగం అదే. అంత ముందున్న బంతిని అందుకోవాలని నిలబడినప్పుడే మీ భుజాలు ఎడమకి తెరుచుకుంటాయి. క్లబ్బు బయట నుంచి లోపలికి కోస్తూ వస్తుంది, బంతి కుడికి తిరుగుతుంది. బంతి లోపలికి వచ్చింది గానీ భుజాలకి పాత అలవాటు పోలేదు. బంతి ముందు నిలబడి, డ్రైవర్‌ని రెండు చేతులతో ఛాతీకి అడ్డంగా భుజాలకి ఆనించి పట్టుకోండి. అది చూపించే దిక్కు లక్ష్యానికి ఎడమగా ఉంటే కుడి భుజాన్ని కాస్త వెనక్కి, కాస్త కిందికి దించండి. టీ ఎత్తు కూడా చూసుకోండి. క్లబ్బు నేల మీద ఆనిస్తే సగం బంతి దాని నెత్తికి పైన కనపడాలి.

బంకర్‌కి ఇవేవీ వర్తించవు. గ్రీన్ పక్క బంకర్‌లో మనం కొట్టేది బంతిని కాదు, ఇసుకని. శాండ్ వెడ్జ్ మొహం తెరిచి, పాదాలు కాస్త ఇసుకలోకి దిగేసి, బంతిని ఎడమ మడమ దాకా ముందుకి పెట్టి, దానికి రెండంగుళాలు వెనక ఇసుకలో దించి, ఆపకుండా ఊపేయండి. మీకు ఏడాదిన్నర అలవాటున్న షాటే.