లాక్‌స్టన్ పిక్నిక్: ప్లాన్, పనుల పంపకం

కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. ఈసారి పిక్నిక్ బీచ్‌కి వద్దండీ. ఇంగ్లండ్‌లోనే నాటింగ్‌హామ్‌షైర్‌లో, న్యూఆర్క్‌కి పైన, ఒలర్టన్ దగ్గర లాక్‌స్టన్ అనే చిన్న ఊరుంది. అక్కడికి వెళ్దాం.

చూడ్డానికేముంది అంటారేమో, పొలాలే. 18, 19 శతాబ్దాల్లో ఇంగ్లండంతా ఉమ్మడి పొలాలను విడగొట్టి కంచెలు కట్టేశారు. ఇక్కడ మాత్రం సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, వెస్ట్ ఫీల్డ్ అని మూడు పెద్ద చేలు కంచె లేకుండా మిగిలాయి. ఒక్కో రైతుకు మూడింటిలోనూ అక్కడో చెక్క, ఇక్కడో చెక్క (అంటే పొడుగాటి భూమి ముక్క) ఉంటుంది. ఒక్కో చేలో ఒక ఏడాది గోధుమ, మరుసటి ఏడు వసంతంలో వేసే పంట, మూడో ఏడు బీడు. భూమి చెదిరి ఉంది కాబట్టి ఎవరూ చేలో ఇల్లు కట్టుకోలేదు. ఫార్మ్‌హౌస్‌లన్నీ మన పల్లెల్లోలా ఊళ్లోనే, వీధి వెంబడే ఉంటాయి.

కోఆర్డినేటర్ (ఇంకొంచెం):
నాకు బాగా నచ్చింది వాళ్ల కోర్టు. నవంబరు ఆఖరి గురువారం రైతుల జ్యూరీ గోధుమ వేసిన చేలోకి దిగి, హద్దుల దగ్గర కర్రలు పాతుతుంది. దారి మీదకో, పక్కవాడి చెక్కలోకో నాగలి పోనిచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటుంది. మరుసటి వారం డవ్‌కోట్ ఇన్ అనే పబ్‌లో కోర్ట్ లీట్ (పాతకాలం నాటి ఊరి కోర్టు) కూర్చుని జరిమానా వేస్తుంది. 1977లో పార్లమెంటు ఇలాంటి పాత కోర్టుల అధికారాలు తీసేసినప్పుడు లాక్‌స్టన్‌కి మినహాయింపు ఇచ్చింది.

వంటల టీమ్:
అన్నా, అయితే ఆ గురువారమే వెళ్దామా?

కోఆర్డినేటర్:
వద్దమ్మా. స్కూళ్లుంటాయి, పైగా అది బంకమట్టి నేల, నవంబరులో పిల్లల బూట్లు అందులోనే ఉండిపోతాయి. జూన్‌లో ఒక శనివారం చూద్దాం.

పిల్లల ఆటలు:
1635లో మార్క్ పియర్స్ అనే సర్వేయర్ గీసిన ఊరి పటంలో ఒక్కో చెక్కా విడిగా కనిపిస్తుంది. అసలుది ఆక్స్‌ఫర్డ్ బాడ్లియన్ లైబ్రరీలో ఉంది. కాపీ ప్రింట్ తీస్తాను, పిల్లలు చేలల్లో పోల్చుకుంటారు. ఊరికి ఉత్తరాన నార్మన్ల కాలం నాటి కోట దిబ్బ ఉంది, గోడలేం మిగల్లేదు. అది ఎక్కిస్తే చాలు, పరుగుపందెం వేరే అక్కర్లేదు.

కోఆర్డినేటర్:
బావుంది. నడక మాత్రం ఫుట్‌పాత్‌ల మీదే. పైరు తొక్కనివ్వొద్దు, అది ఒకరి జీవనాధారం. 2020లో క్రౌన్ ఎస్టేట్ (రాజు పేరిట ఉన్న ఆస్తులు చూసే సంస్థ) ఈ భూముల్ని థోర్స్‌బీ ఎస్టేట్ అనే ప్రైవేటు ఎస్టేట్‌కి అమ్మింది కానీ, సాగు ఇప్పటికీ రైతులదే.

కార్ల ఏర్పాటు:
కోచ్ వద్దు, కార్లలో సర్దుకుందాం. పబ్ పార్కింగ్ వాడుకోవచ్చా అని ముందే ఫోన్ చేసి అడుగుతాను. మన టిఫిన్లు అక్కడ విప్పితే బాగోదు కదా?

వంటల టీమ్:
విప్పకూడదు. భోజనం ఎక్కడ పెట్టాలో కూడా వాళ్లనే అడుగు తమ్ముడూ. పులిహోర, పెరుగన్నం నావి. గారెలు ఎవరు చేస్తారో ఆదివారంలోగా ఇక్కడే రాయండి.