లోయరింగ్ స్ప్రింగ్‌లు వేయించాక ముందు ఎడమవైపు టంగుమని శబ్దం, వెనక దబ్బుమని తగులుతోంది

నీలికారు:

అందరికీ నమస్కారం. నాది ఎనిమిదేళ్ల చిన్న హ్యాచ్‌బ్యాక్, పెట్రోల్ బండి, 62,000 కిలోమీటర్లు తిరిగింది. మొన్న శనివారం నాలుగు చక్రాలకీ లోయరింగ్ స్ప్రింగ్‌లు, అంటే బండిని కిందికి దించే కురచ స్ప్రింగ్‌లు, వేయించాను. పెట్టె మీద ముందూ వెనకా 35 మిల్లీమీటర్లు దిగుతుందని ఉంది. షాకర్లు మాత్రం బండితో వచ్చిన పాతవే. దీనికోసం ఏడాదిగా డబ్బు దాచుకున్నాను. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య నాలుగు వేళ్లు పట్టే ఖాళీ కొన్న రోజు నుంచీ నా కంటికి ఇబ్బందిగానే ఉండేది. ఇప్పుడు రెండు వేళ్లే పడుతున్నాయి. పక్కనుంచి చూస్తే బండి అంత అందంగా ఉంది.

కానీ రెండు సమస్యలు వచ్చాయి. ఆగిన బండిలో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు ఎడమవైపు టంగుమని శబ్దం వస్తోంది. తిప్పేటప్పుడు ఒకసారి, వెనక్కి తెచ్చేటప్పుడు ఒకసారి. స్టీరింగ్ పట్టుకున్న చేతికి కూడా అదురు తెలుస్తోంది.

రెండోది నన్ను ఎక్కువ బాధపెడుతోంది. నేనొక్కడినే నడిపితే బండి చక్కగా ఉంది. ఆదివారం అమ్మానాన్నల్ని వెనక కూర్చోబెట్టుకుని వెళ్లాను. స్పీడ్ బ్రేకర్‌ని ఎంత మెల్లగా దాటించినా వెనక దబ్బుమని తగిలింది. అమ్మకి నడుం నొప్పి ఉంది. రెండో స్పీడ్ బ్రేకర్ కనబడగానే ఆవిడ నా సీటు వెనక భాగాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అద్దంలో అది చూశాక ఇంటిదాకా నాకు మాట రాలేదు.

వేసిన మెకానిక్ "వెయ్యి కిలోమీటర్లు తిరిగితే అన్నీ సెట్ అయిపోతాయి" అన్నారు. ఒక స్నేహితుడేమో బంప్ స్టాప్‌లు, అంటే షాకర్ పూర్తిగా నొక్కుకుపోకుండా ఆపే రబ్బరు ముక్కలు, సగానికి కోసేయమంటున్నాడు. ఏది వినాలి?

కొలతలు ఇస్తున్నాను, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా, మిల్లీమీటర్లలో. వేయించక ముందు: ముందు రెండువైపులా 366, వెనక 371. ఇప్పుడు: ముందు ఎడమ 338, ముందు కుడి 332, వెనక రెండూ 335.

పాతపానా:

తమ్ముడూ, కొలతలు రాసి మంచి పని చేశావు. నీ మొదటి సమస్యకి జవాబు అందులోనే ఉంది.

ముందు రెండువైపులా ఒకే స్ప్రింగ్, ఒకే బరువు. అలాంటప్పుడు ఎడమ పక్క 6 మిల్లీమీటర్లు ఎత్తుగా ఎందుకుంది? స్ట్రట్‌కి, అంటే స్ప్రింగూ షాకరూ కలిసి ఉండే ముందు చక్రం స్తంభానికి, కింద స్ప్రింగ్ కూర్చునే కప్పు ఉంటుంది కదా, అందులో ఒకచోట చిన్న మెట్టు ఉంటుంది. స్ప్రింగ్ కొన ఆ మెట్టుకి ఆనుకుని కూర్చోవాలి. కొంచెం తిరిగి కొన మెట్టు మీదకి ఎక్కిందంటే ఆ పక్క బండి పైకి లేస్తుంది, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా స్ప్రింగ్ మెలిపడి ఒక్కసారిగా జారుతుంది. నువ్వు వింటున్నది ఆ జారే శబ్దమే అని నా అనుమానం. పైనున్న స్ట్రట్ బేరింగ్ పట్టేసినా ఇదే శబ్దం వస్తుంది, కానీ అప్పుడు ఎత్తులో ఈ తేడా ఉండదు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒకరిని స్టీరింగ్ మెల్లగా తిప్పమని, నువ్వు టార్చ్ పట్టుకుని చక్రం వెనక నుంచి చూడు. స్ట్రట్‌తో పాటు స్ప్రింగ్ కూడా సమానంగా తిరగాలి. కాసేపు ఆగి, తర్వాత ఎగిరినట్టు తిరిగితే తప్పు దొరికినట్టే. చుట్ల మధ్యలో మాత్రం వేలు పెట్టకు.

ఇది తిరగడంతో సెట్ అయ్యేది కాదు. కొత్త స్ప్రింగ్ కొన్ని మిల్లీమీటర్లు దిగడం నిజమే గానీ, మెట్టెక్కిన కొన తనంతట తాను దిగదు. స్ట్రట్ మళ్లీ విప్పించు. ఒక్క మాట మరిచిపోకు: స్ప్రింగ్‌ని రెండువైపులా కంప్రెసర్‌తో నొక్కి, పై కప్పు మీద ఒత్తిడి పూర్తిగా పోయాకే మధ్య నట్టు విప్పాలి. నొక్కి ఉన్న స్ప్రింగ్ జారితే మనిషి ప్రాణానికే ప్రమాదం. ఆ నట్టు విప్పేటప్పుడు షాకర్ రాడ్‌ని, అంటే షాకర్‌లోకి జారుతూ ఆడే నున్నటి కడ్డీని, ప్లయర్‌తో పట్టుకోనివ్వకు. రాడ్ మీద ఒక్క గీత పడితే అది ఆయిల్‌ని లోపలే ఆపే సీల్‌ని కోస్తుంది, కొన్నాళ్లకే ఆయిల్ కారుతుంది. రాడ్ కొనలో అలెన్ కీ పెట్టి పట్టుకోవాలి.

ఇక వెనక సంగతి. స్ప్రింగ్ కురచైంది, షాకర్ పాతదే. అంటే రాడ్ ఇప్పుడు ఎప్పుడూ 36 మిల్లీమీటర్లు లోపలికి దిగే ఉంటుంది. ఆ మేరకు పైకి ఆడే చోటు పోయింది. వెనక ఇద్దరు కూర్చుంటే మిగిలినదీ కరిగిపోతుంది, గతుకు రాగానే షాకర్ గొట్టం నేరుగా రాడ్ మీదున్న బంప్ స్టాప్‌ని గుద్దుతుంది. ఒక జిప్ టై తీసుకుని వెనక షాకర్ రాడ్‌కి, దుమ్ము తొడుగు పైకి జరిపి, కింద సీల్ దగ్గర బిగించు. మరీ గట్టిగా కాదు, జరిగేలా. అమ్మానాన్నలతో ఒక రౌండ్ వేసి వచ్చి చూస్తే అది ఎక్కడిదాకా జరిగిందో కనిపిస్తుంది. బంప్ స్టాప్ దాకా వెళ్లి ఉంటే అనుమానం తీరినట్టే.

బంప్ స్టాప్ కోయడం గురించి: స్ప్రింగ్ తయారుచేసినవాళ్లు ఇచ్చిన కాగితంలో ఇన్ని మిల్లీమీటర్లు కోయమని రాసి ఉంటే అంతే కోయి, లేకపోతే ముట్టుకోకు. అది చివర్లో దెబ్బని మెత్తగా ఆపే రబ్బరు. సగం తీసేస్తే దబ్బు కొంచెం ఆలస్యంగా వస్తుంది గానీ, వచ్చినప్పుడు ఇంకా గట్టిగా వస్తుంది, అదీ షాకర్ లోపలి భాగాల మీద.

రబ్బరుబుష్:

పైన చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. ఎవరూ అడగని విషయం ఒకటి నేను అడుగుతాను: లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి చట్రానికి కింద కలిపే చేయి) బోల్టులు ఎప్పుడు బిగించారు, బండి జాక్ మీద ఉండగానా?

ఆ బోల్టులు దూరే బుష్‌లలో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతికి ఉంటుంది. అది తిరగదు, మెలిపడుతుంది అంతే. చక్రాలు వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, బండి నేల మీద నిలబడిన ప్రతి క్షణం రబ్బరు మెలిపడే ఉంటుంది. అసలు విప్పకపోయినా మీ బుష్‌లు పాత ఎత్తుకి బిగించినవే కదా. 35 మిల్లీమీటర్లు దించారు కాబట్టి ఇప్పుడు ఆ మేరకు మెలిపడి ఉన్నాయి. నా పాత బండిలో ఇది తెలియక ఆరు నెలల్లో రెండు బుష్‌లూ చీలిపోయాయి. చీలిక గోరు పట్టేంత లోతు ఉంది, అప్పటిదాకా బ్రేక్ వేస్తే బండి పక్కకి ఎందుకు లాగుతోందో అర్థం కాలేదు.

చక్రాల కింద ర్యాంపులు పెట్టి, బరువు చక్రాల మీదే ఉండగా బోల్టులు ఒకసారి వదులు చేసి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి మళ్లీ బిగించండి. వెనక బీమ్ (వెనక చక్రాలు రెంటినీ కలిపే అడ్డ దూలం) ముందు బుష్‌లకీ ఇదే పద్ధతి.

అలైన్‌మెంట్ చేయించారా? బండి దిగితే ముందు చక్రాల క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం), టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం) రెండూ మారతాయి. టైర్లని ఎక్కువ తినేసేది టో. హెడ్‌లైట్ ఎత్తు కూడా సరిచూసుకోండి. మీ బండిలో వెనక బీమ్ నుంచి బ్రేక్ వాల్వ్‌కి చిన్న కడ్డీ ఉంటే అది తప్పకుండా సర్దించాలి. బండి వెనక దిగితే బరువు ఎక్కువ ఉందనుకుని ఆ వాల్వ్ వెనక బ్రేకులకి ఒత్తిడి పెంచుతుంది. తడి రోడ్డు మీద వెనక చక్రాలు ముందు పట్టేస్తే బండి తిరిగిపోతుంది.

మలుపుదారి:

నా మాట కొంచెం వేరు. అందం కోసం దించితే తప్పు లేదు, కానీ మలుపుల్లో బాగుంటుందని మాత్రం అనుకోకండి. బండి ఎంత దిగితే అంత తక్కువ ఒరుగుతుందని నేనూ నమ్మాను. స్ట్రట్ బండిలో దించితే లోయర్ ఆర్మ్‌ల వాలు మారుతుంది, దాంతో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు బండి బరువు కేంద్రం కంటే ఎక్కువ కిందికి పోతుంది. ఆ రెంటి మధ్య దూరం పెరిగి, ఒరిగించే బలం పెరుగుతుంది. దాన్ని ఆపేది ముఖ్యంగా కొత్త స్ప్రింగ్ గట్టిదనమే. స్ప్రింగ్ చుట్టిన కడ్డీ మందం 11 మిల్లీమీటర్ల నుంచి 12 అయితే, మిగతావి అలాగే ఉంటే, గట్టిదనం దాదాపు 40 శాతం పెరుగుతుంది. ఆ గట్టి స్ప్రింగ్ ఎగిరొచ్చేటప్పుడు ఆపే శక్తి 62,000 కిలోమీటర్ల పాత షాకర్‌కి ఉండదు. అందుకే స్ప్రింగ్‌లతో పాటు వాటికి సరిపోయే కురచ షాకర్లు వేయాలి, లేదా తక్కువ దించే సెట్‌తో సరిపెట్టుకోవాలి.

నీలికారు:

నిన్న వేరే చోట ఎడమ స్ట్రట్ విప్పించాను, పక్కనే నిలబడి చూశాను. పాతపానా అన్న చెప్పినట్టే ఉంది. స్ప్రింగ్ కొన మెట్టు ఎక్కి కూర్చుంది. మెట్టు మీద నల్ల రంగు గీరుకుపోయి, కొత్త నాణెంలా మెరిసే ఒక గీత పడింది. సరిగా కూర్చోబెట్టి బిగించారు. ఇప్పుడు ఎడమ 333, కుడి 332. స్టీరింగ్ ఎంత తిప్పినా నిశ్శబ్దం. బుష్ బోల్టులు కూడా ర్యాంప్ మీదే బిగించమని అడిగాను. వదులు చేయగానే ఒక బుష్ టక్కుమని వెనక్కి తిరిగింది, నా కళ్ల ముందే. ఎంత మెలిపడి ఉందో అప్పుడు అర్థమైంది. రబ్బరుబుష్ గారూ, మీరు చెప్పకపోతే నాకు తట్టేది కాదు.

వెనక జిప్ టై పరీక్ష కూడా చేశాను. నేనొక్కడినే ఉంటే రాడ్ మీద బంప్ స్టాప్‌కి 38 మిల్లీమీటర్ల దూరం ఉంది. అమ్మానాన్నలు కూర్చుంటే వెనక ఎత్తు 335 నుంచి 308 అయింది. అంటే ఆగి ఉండగానే మిగిలింది 11. ఒక్క స్పీడ్ బ్రేకర్ దాటి వచ్చి చూస్తే జిప్ టై బంప్ స్టాప్ అంచుకి అతుక్కుపోయి ఉంది.

వారానికి నాలుగు రోజులు వాళ్లిద్దరూ నా బండిలోనే ఆసుపత్రికి వెళ్తారు. అందుకే ఆదివారం నాలుగు చక్రాలకీ పాత స్ప్రింగ్‌లు తిరిగి పెట్టించేస్తున్నాను. కురచ షాకర్లకి డబ్బు కూడాక 20 మిల్లీమీటర్లు దించే సెట్ చూస్తాను. వెనక రెండే పాతవి పెట్టి ముందు ఇలాగే ఉంచితే ఏమవుతుందని కూడా ఆలోచించాను, సరికాదేమో?

పాతపానా:

సరికాదు. ముక్కు కిందికి, వెనక పైకి అవుతుంది, హెడ్‌లైట్ నేలని చూస్తుంది, ముందూ వెనకా గట్టిదనం పొంతన పోతుంది. నాలుగూ మార్చడమే మంచిది. పాతవి పెట్టాక బుష్ బోల్టులు మళ్లీ వదులు చేసి కొత్త ఎత్తులో బిగించాలి, అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి. వెనక స్ప్రింగ్‌ల కింద ఉండే రబ్బరు ప్యాడ్‌లు పాతవి ఉన్నాయో లేదో ఈరోజే వెతుక్కో, అవి లేకుండా పెడితే వెనక నుంచి ఇంకో శబ్దం మొదలవుతుంది. జిప్ టై తీసేయకు, ఆదివారం అమ్మతో అదే దారిలో వెళ్లొచ్చి ఎంత మిగిలిందో ఇక్కడ రాయి.