రొయ్యల ప్లాంటులో ఆడవాళ్ల డ్రెస్సింగ్ రూము: ట్రాన్స్ మహిళకు చోటెక్కడ?

ప్రశ్న: షిఫ్టు సూపర్‌వైజరు, భీమవరం పరిసరాలు

అందరికీ నమస్కారం. నేను ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పీలింగ్ విభాగం చూసుకుంటున్నాను. మా షిఫ్టులో దాదాపు అందరూ ఆడవాళ్లే. చుట్టుపక్కల పల్లెల నుంచి తెల్లవారుజామునే కంపెనీ బస్సుల్లో వస్తారు. ఈ మధ్య ఒక ట్రాన్స్ మహిళ మా దగ్గర పనిలో చేరారు. తల తీయడంలోనూ, నరం తీయడంలోనూ ఆమె చేయి చాలా చురుకు, పని విషయంలో ఎవరికీ ఫిర్యాదు లేదు. చిక్కంతా డ్రెస్సింగ్ రూము దగ్గర వచ్చింది.

లోపలికి వెళ్లే ముందు ప్రతి ఒక్కరూ గాజులు, చెవిదుద్దులు, తలలో పూలు తీసేసి, చీర విప్పి యూనిఫాం తొడుక్కుని, జుట్టంతా టోపీలోకి దోపుకుని, గంబూట్లతో క్లోరిన్ నీళ్లలో కాళ్లు ముంచి వెళ్లాలి. బట్టలు మార్చుకోవడమంతా ఒకే పొడవాటి హాలులో జరుగుతుంది. గోడ పొడవునా ఇనుప లాకర్లు, మధ్యలో రెండు బల్లలు ఉంటాయి. అడ్డుగోడ గాని, తెర గాని లేవు. ఆమె మాత్రం అందరూ వెళ్లేదాకా మరుగుదొడ్ల పక్కన సంచి పట్టుకుని నిలబడి, ఆఖరున మార్చుకుని వస్తున్నారు. ఆ ఆలస్యానికి కూలిలో కోత పడుతోంది. ఆమె లోపల ఉండగా తాము చీర విప్పలేమని కొందరు నాతో చెప్పారు. మనతో పాటే మార్చుకుంటే ఏం పోయిందని మరికొందరు అంటున్నారు. యాజమాన్యం నన్నే తేల్చమంటోంది. చట్టం ఏం చెబుతోందో, మీరైతే ఏం చేస్తారో దయచేసి చెప్పండి.

జవాబు: నరసాపురం నుంచి, పాత పీలింగ్ కార్మికురాలు

అమ్మా, మీ దగ్గర బట్టలు మార్చుకోలేమన్న ఆడవాళ్లను చెడ్డవాళ్లుగా చూడవద్దని ముందుగా మనవి చేస్తున్నాను. నేను పనిచేసిన చోట డ్రెస్సింగ్ రూము తలుపుకు చాలాకాలం గడియే ఉండేది కాదు. లెక్కలు చూసే మగవాళ్లు పిలవడానికని వచ్చి తలుపు తోసేసేవారు, సెల్‌ఫోన్లు వచ్చాక ఆ భయం ఇంకా పెరిగింది. గడియ పెట్టించుకోవడానికి, లోపలికి ఫోను తేకూడదన్న నియమం తెప్పించుకోవడానికి మేము ఎన్నిసార్లు పని ఆపి కూర్చున్నామో మాకే తెలుసు. కార్తీక స్నానాలకు రేవుకు వెళ్తే, ఈనాటికీ చాలాచోట్ల నలుగురం చుట్టూ చీర పట్టుకుంటే గాని ఒకరం తడిబట్టలు మార్చుకోలేము. అలా సంపాదించుకున్న నాలుగు గోడలు ఆడవాళ్లకు ఎంత విలువైనవో పైవాళ్లకు తెలియదు.

కొత్తగా చేరిన ఆమె మీద నాకు అనుమానం లేదు. నా భయమంతా నియమం గురించే. ఈరోజు ఒకరిని చూసి రాసుకున్న నియమం రేపు ఎవరెవరికి తలుపు తెరుస్తుందో సూపర్‌వైజరు చేతిలో ఉండదు. బ్రిటన్ సుప్రీంకోర్టు కూడా ఆ మధ్య ఆడవాళ్ల పక్షానే తీర్పు ఇచ్చిందని చదివాను.

జవాబు: న్యాయవాది, తాడేపల్లిగూడెం

ఆ తీర్పు 2025 ఏప్రిల్ 16న వచ్చింది. బ్రిటన్‌లోని 2010 సమానత్వ చట్టంలో మహిళ అన్న మాటకు పుట్టుకతో వచ్చిన లింగమే ఆధారమని అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. ట్రాన్స్ వ్యక్తులకు వివక్ష నుంచి, వేధింపుల నుంచి ఆ చట్టం ఇచ్చే రక్షణ కొనసాగుతుందని కూడా అదే తీర్పులో ఉంది, ఆ సగం చాలామంది చదవరు. ఏమైనా అది వాళ్ల చట్టానికి చెప్పిన అర్థం, మన కోర్టులను కట్టిపడేయదు.

మన దగ్గర దారి వేరుగా నడిచింది. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు, తన లింగ గుర్తింపును తాను నిర్ణయించుకునే హక్కు వ్యక్తికి ఉందని చెబుతూనే, ట్రాన్స్‌జెండర్ల కోసం ప్రత్యేక ప్రజా మరుగుదొడ్లు కట్టాలని ప్రభుత్వాలను ఆదేశించింది. 2017లో స్వచ్ఛ భారత్ మార్గదర్శకాలు, ప్రజా మరుగుదొడ్లలో ఆడవాళ్లవైపు వెళ్లాలా మగవాళ్లవైపు వెళ్లాలా అన్నది వారి ఇష్టానికే వదలాలన్నాయి. అంటే ప్రత్యేక గది, ఇష్టమైన గది అనే రెండు ఆలోచనలూ మన విధానంలో మొదటి నుంచీ పక్కపక్కనే ఉన్నాయి. 2025 జూన్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పిల్లల్ని కనలేరన్న కారణంతో ట్రాన్స్ మహిళను మహిళ కాదనడం చెల్లదని చెప్పింది. అయితే అది భర్త క్రూరత్వానికి సంబంధించిన 498ఎ కేసు, డ్రెస్సింగ్ రూముల గురించి కాదు.

మీ ప్లాంటుకు నేరుగా తగిలేవి రెండు. 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం ఉద్యోగంలో వివక్ష చూపరాదంటుంది, ప్రతి సంస్థలోనూ ఫిర్యాదులు వినే అధికారి ఒకరు ఉండాలంటుంది. పాత 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఆడ, మగ అన్న రెండు వర్గాలే ఉండేవి గాని, దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ అనే కేంద్ర కార్మిక చట్టం మరుగుదొడ్లు, స్నానపు గదులు, లాకర్ రూములు పురుషులకు, మహిళలకు, ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులకు విడివిడిగా ఉండాలని స్పష్టంగా చెబుతోంది. కాబట్టి ఏర్పాటు చేయాల్సిన బాధ్యత యాజమాన్యానిది, సూపర్‌వైజరుది కాదు. ఏర్పాటు లేక జరిగిన ఆలస్యానికి ఆమె కూలి కోయడం నా దృష్టిలో వివక్ష కిందికే వస్తుంది. అది రేపటి నుంచే ఆగాలి.

జవాబు: ట్రాన్స్ మహిళ, రావులపాలెం

మరుగుదొడ్ల పక్కన సంచి పట్టుకుని నిలబడిన ఆమె గురించి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. బస్టాండులో మగవాళ్లవైపు వెళ్తే చేతులు వేస్తారు, ఆడవాళ్లవైపు వెళ్తే కేకలు వేస్తారు. అందుకే మాలో చాలామందిమి ఇంటి నుంచి బయలుదేరితే తిరిగి చేరేదాకా మంచినీళ్లు తాగము; మూత్రంలో మంట, జ్వరం మాకు అలవాటైపోయాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లతో పాటు మాకూ ఉచిత ప్రయాణం ఇచ్చారు. కండక్టరమ్మ జీరో టికెట్టు చేతిలో పెడుతుంది, పక్క సీట్లో ఆడవాళ్లు జరిగి చోటిస్తారు. బస్సు దిగి మరుగుదొడ్డి దగ్గరికి వెళ్లేసరికి మాత్రం మళ్లీ మొదటికే వస్తుంది.

నరసాపురం అమ్మగారూ, మీరు చెప్పిన భయం నాకూ ఉంది. తలుపుకు గడియ లేని గదిలో బట్టలు మార్చుకోవడానికి నేనూ భయపడతాను, నన్ను చూడాలని ఎగబడేవాళ్లు మీకంటే నాకే ఎక్కువ. ప్రత్యేక గది ఇస్తే నేను కాదనను. కాని మేము ఒకరో ఇద్దరో ఉన్నచోట ప్రత్యేక గది అంటే తరచుగా ఇచ్చేది బ్లీచింగ్ డ్రమ్ములు పెట్టే కొట్టుగదే, దాని మీద ట్రాన్స్‌జెండర్ అని పెద్ద బోర్డు. ఇంటి దగ్గర ఎవరికీ చెప్పుకోకుండా పనికి వచ్చే అమ్మాయికి ఆ బోర్డు కిందనుంచి రోజూ నడవడం ఎంత కష్టమో ఆలోచించండి. అన్నిటికంటే ముందు ఆమెనే కూర్చోబెట్టి అడగండి. మా గురించి అందరూ మాట్లాడతారు గాని మమ్మల్ని అడిగేవారు తక్కువ.

జవాబు: నరసాపురం నుంచి

తల్లీ, మీరు నీళ్లు తాగరన్న మాట నన్ను చాలా బాధపెట్టింది. అయినా అడ్డు లేని హాలులో అందరూ కలిసి మార్చుకోవాలంటే నేను ఒప్పుకోను. తలుపు ఉన్న అరలు కడితే మాత్రం పక్క అరలో ఎవరున్నారన్నది నాకు పట్టింపు కాదు. ఆ అరలు కొత్తగా బిడ్డను కన్నవాళ్లకూ, ఒంటి మీద మచ్చలున్నవాళ్లకూ ఎప్పుడో కట్టి ఉండాల్సింది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఆమెతో మాట్లాడాను. లోపల గడియ పెట్టుకునే అర ఒకటి ఉంటే చాలని, బోర్డు మాత్రం వద్దని అన్నారు. హాలు ఒక పక్కన గడియలున్న అరలు వరుసగా కట్టి అందరికీ వాడుకోనివ్వాలని, చట్టం అడిగే విడి లాకర్ గది వేరే కట్టాలని, ఈలోగా ఆమెకు షిఫ్టుకు పావుగంట ముందు గది తాళం ఇచ్చి కూలి కోత ఆపాలని యాజమాన్యానికి రాతపూర్వకంగా ఇస్తున్నాను. న్యాయవాది గారూ, ఆడవాళ్ల హాస్టలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. అక్కడ ఒక్కో గదిలో ఆరుగురు పడుకుంటారు, అరలు కట్టే వీలు లేదు. ఆమె ఇప్పుడు బయట అద్దెకు ఇల్లు దొరక్క తిరుగుతున్నారు. ఆ హాస్టలుకు కూడా ఇదే కోడ్ వర్తిస్తుందా అన్నది చెప్పగలరు.