జీడితోటలో వెంపలి: ఉంచాలా, పీకించాలా?

పలాస తోట:
2018 అక్టోబరులో తితిలీ తుపానుకు పెద్ద చెట్లు కూలిన చోట జీడి అంటు మొక్కలు నాటాం. నీడ పోవడంతో రాళ్ల నేలంతా వెంపలి మొక్క కమ్మేసింది. కూలీలను పెట్టి పీకిస్తానని మా అన్నయ్య పట్టుబడుతున్నాడు. ఇది కలుపా, ఎరువా?

మెట్టసేద్యం:
ఎరువే, అనుమానమెందుకు? పప్పుజాతి మొక్క. వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. తమిళనాడులో దీన్ని కొళింజి అంటారు. హెక్టారుకు 15-20 కిలోల గింజ కొని మరీ చల్లుతారు. గింజ పొర గట్టిది కాబట్టి ముందు వేడినీళ్లలో ముంచడమో, ఇసుకతో రుద్దడమో చేస్తారు. అంత శ్రమ లేకుండా మొలిచినదాన్ని కూలి ఇచ్చి పీకిస్తారా?

గజపతినగరం మామిడి:
వెంపలికి నిచ్చెన వేసి మరీ ఎక్కించారు! మా మామిడిని కొమ్మ మీదే కోస్తాం. జీడి అలా కాదు, పండు రాలాక పిక్క ఏరుకోవాలి. వేసవిలో నేల శుభ్రంగా లేకపోతే పొదల్లో పడ్డ పిక్క దొరకదు. పాము భయంతో ఏరేవాళ్లు ఆ వరసలోకే రారు. ఆ నష్టం ఎవరు లెక్కేస్తారు?

మేకలకాపరి మనవడు:
అందరూ తోట గురించే మాట్లాడుతున్నారు. కొండవార బంజరు చూడండి. మేకలు గడ్డి కొరుకుతాయి, వెంపలి జోలికి పెద్దగా పోవు. మేపు ఎక్కువైన కొద్దీ అదే మిగులుతుంది. పశువులు ముట్టవు కాబట్టి పచ్చిరొట్టకు, అంటే పచ్చి ఆకు ఎరువుకు, భలే పనికొస్తుందని మీరు మురుస్తారు. మాకు కొండంతా పచ్చగానే ఉంటుంది, మేక డొక్క మాత్రం ఎండుతుంది.

మెట్టసేద్యం:
కొండ మీద వెంపలి పీకితే ఆ చోట గడ్డే వస్తుందని భరోసా ఏమిటి? లోతుగా దిగిన వేరు పోతే వానలకు మట్టి గెడ్డలోకి, అదే వాగులోకి, కొట్టుకుపోతుంది. అక్కడ కొన్నాళ్లు మేపు ఆపాలి. ఆ మాట ఊళ్లో అనడానికి నాకూ ధైర్యం చాలదు లెండి. పిక్కల ఇబ్బంది మాత్రం నిజం. అందుకే పీకవద్దు, కోయండి. పూత మొదలయ్యాక, కాయ ముదరకముందే నేల మట్టానికి కోసి పాదుల్లో పరచండి. బుడిపెలు నేలలోనే ఉంటాయి, ఆకు కుళ్లి చెట్టుకు అందుతుంది.

గజపతినగరం మామిడి:
కోసిన మోడు మళ్లీ చిగురిస్తుంది. పిక్కలు రాలేముందు రెండో కోతకు కూలి ఎవరిస్తారు? అంటు మొక్క చుట్టూ మీటరు మేర అయితే పీకాల్సిందే. లేత మొక్కకు ఎండాకాలంలో నీటి పోటీ పెట్టకూడదు.

మెట్టసేద్యం:
చుట్టూ పీకమనడం వరకు ఒప్పుకుంటాను. వరసల మధ్య పీకమంటే ఒప్పుకోను.

పలాస తోట:
అన్నయ్యకు చదివి వినిపించాను. మొక్కల చుట్టూ పీకిస్తాడట, వరసల మధ్య ఒక కోత వరకే కూలి ఇస్తాడట. రెండోది నన్నే కోయమన్నాడు. కొన్ని వరసల్లో ఇప్పటికే కాయ ముదిరి గింజ రాలుతోంది, వాటినేం చేయాలి?